ఎర్రావు పక్కన కట్టిన దూడలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు తిరిగి వచ్చానని చెప్పగానే మా తెనాలి వైపు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ వరన్నం దొరుకుతుందా?" అని. రెండోది, "వాళ్ళ మాట నీకు అర్థమైందా?" అని. రెండింటికీ జవాబు అవుననే. అక్కడ నువ్వేం తప్పు చేసి వచ్చావని మాత్రం ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుదామనే ఇది రాస్తున్నాను.

నేను వెళ్ళింది పిడుదుల కోసం. నవ్వకండి. గొడ్ల చెవుల్లోనూ గంగడోలు కిందా పట్టుకుని రక్తం తాగే పిడుదులే. పట్నాల పాడి కొట్టాల నుంచి ఆ మెట్ట ఊళ్ళకు తోలుకెళ్ళిన మంచి గొడ్లు కొన్ని జ్వరమొచ్చి, ఎర్రగా మూత్రం పోసి, వారం తిరక్కుండా చచ్చిపోతున్నాయి. అక్కడే పుట్టి పెరిగిన గొడ్లకు మాత్రం ఏమీ కావడం లేదు. రోగాన్ని మోసేది పిడుదు అని మాకు తెలుసు. పిడుదుకు అది ఎక్కడ అంటుకుంటోంది, ఏ జంతువు దాన్ని ఒంట్లో దాచుకుని తిరుగుతోంది, అది చూసి రమ్మని మా పై అధికారి నన్ను పంపించారు. నేను పశువుల డాక్టరును కాను. పశువుల ఆసుపత్రి వెనక గదిలో రక్తం చుక్కను గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసేవాణ్ణి. ఈ ముక్క మీకు ముందే చెబుతున్నాను. దారిలో కలిసినవాళ్ళకు చెప్పలేదు.

భువనగిరి

రైలు దిగేసరికి బాగా తెల్లవారింది. ఊరికి ఎటు తిరిగినా ఆ ఒంటి రాతికొండే కనిపిస్తుంది, దాని మీద కోట. తొలకరి వానలు మొదలై పది రోజులైంది కాబట్టి కొండ పక్కన నల్లటి నీటి చారలు ఇంకా ఆరలేదు. స్టేషను బయట హోటల్లో చాయ్ తాగాను. నయాపైసలు వచ్చి అయిదేళ్ళు కావస్తున్నా అక్కడింకా అణాల లెక్కే చెబుతారు. మా వైపు కాఫీలా లోటా నిండా పొయ్యరు. చిన్న కప్పులో సగానికి పైగా పాలమీగడే. నాలుగు గుటకల్లో అయిపోతుంది, మళ్ళీ అడగాలి. నేను మూడుసార్లు అడిగాను.

ఒక్క సంగతి మొదట నాకు చుర్రుమంది. హోటలువాడు, బస్సు కండక్టరు, గొర్రెలు తోలుకొచ్చిన మనిషి, అందరూ నన్ను "నువ్వు" అనే పిలిచారు. "ఏడికి పోతున్నవు సారు?" అంటారు. సారు ఉంది కదా అని సర్దుకుందామంటే పక్కనే నువ్వు ఉంది. రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాను. ఆ నువ్వులో తక్కువ చెయ్యడం లేదని మూడో రోజుకు గాని నాకు ఎక్కలేదు.

ఆ రోజు గొర్రెల అంగడి. నేను గొర్రెల చెవులు తిప్పి చూస్తూ, దొరికిన పిడుదుల్ని చిన్న పట్టకారుతో లాగి సీసాల్లో వేసుకుంటుంటే చుట్టూ జనం మూగారు. సర్కారు మనిషి పిడుదులు కొంటున్నాడని గంటలో ఊరంతా పాకింది. ఒక ముసలమ్మ కొంగున ముడేసుకుని గుప్పెడు తెచ్చింది. కొననని చెబితే ఆమెకు కోపం వచ్చింది. "పొద్దటిసంది ఏరిన గదయ్యా, గిప్పుడు వద్దంటె ఎట్ల? నేనేం జేసుకోను వీటిని?" అంది. ఆమె కోపం న్యాయమైనదే. చాయ్ ఇప్పించి, ఆ గుప్పెడూ సీసాలో పోయించుకున్నాను.

యాదగిరిగుట్ట

కోతుల్ని కూడా వీలైతే చూడమని మా అధికారి కాగితంలో రాశారు. రాసినాయన ఎప్పుడూ కోతి దగ్గరికి వెళ్ళి ఉండరు. గుట్ట మెట్ల మీద అరటిపండు చూపించి ఒక పెద్ద కోతిని దగ్గరికి పిలిచాను. అది అరటిపండు తీసుకుంది, నా చేతిలో ఉన్న పులిహోర పొట్లం తీసుకుంది, ఆఖరికి నా ముంజేతి మీద గోళ్ళ గుర్తులు కూడా పెట్టి వెళ్ళింది.

గాజులమ్ముకునే ఆమె చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "కోతిని పరీక్ష జేద్దామనుకున్నవా సారు? అదే నిన్ను జేసి పోయింది." గీరుకున్న చోట పసుపు అద్దింది కూడా ఆవిడే. స్వామి దర్శనం బాగానే అయింది. కోతుల సంగతి మాత్రం నా పుస్తకంలో ఖాళీ.

తిరుమలగిరి దాటాక

మోత్కూరు మీదుగా బస్సులో తిరుమలగిరి చేరి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద ఒక చిన్న ఊరికి వెళ్ళాను. ఒక ఎద్దు అలా చచ్చిపోయిందని మాకు కబురు వచ్చింది ఆ ఊరినుంచే. ఇల్లు ఐలయ్యది. నలభై గొర్రెలు, నాలుగు గొడ్లు, కొద్దిగా చెలక, అంటే మెట్టపొలం. ఐలయ్య తక్కువ మాట్లాడే మనిషి. ఇంటి పెత్తనం వాళ్ళమ్మ మల్లమ్మవ్వది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పలుపుతాడు.

కాళ్ళు కడుక్కోగానే జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. అన్నం లేకుండా భోజనం ఏమిటని కూర్చున్నవాణ్ణి, రెండో రొట్టె నేనే అడిగి వేయించుకున్నాను. మా వైపు చారు కాచి కాచి దాని ప్రాణం తీస్తాం. వీళ్ళు చింతపండు రసంలో పచ్చి ఉల్లిగడ్డ, మిరపకాయ వేసి నిప్పు తగలనివ్వకుండా పోస్తారు. ఎండలో పడి వచ్చినవాడికి దాన్ని మించింది లేదు.

తిన్నాక కొట్టం చూపించారు. అందులో ఒక ఎర్రావు. పెద్ద వయసుదే, అయినా ఒళ్ళు నిగనిగలాడుతోంది. దాని పక్కన రెండు కోడెదూడలు. ఒకటి దాని సొంత బిడ్డ, మూడు నెలలది. ఇంకొకటి బంధువుల దగ్గర తెచ్చింది, అయిదు నెలలది.

"గీ ఎర్రావు పెయ్యగున్నప్పుడు చావు దాకా పోయి లేసింది సారు," అన్నాడు ఐలయ్య. "అప్పటిసంది దీనికి తలనొప్పి గూడ లేదు. మా ఇంటికి ఏ గొడ్డు కొత్తగ వచ్చినా, పుట్టినా, దీని పక్కకే కడ్తం. దీని సత్తువ దానికి రావాలె గదా."

"మరి చచ్చిపోయిన ఎద్దు?"

"పట్నం దగ్గర పాలకొట్టంల పెరిగింది. బండల మీదనే ఉండె, మంచి కండ. దాన్ని గూడ దీని పక్కకే కడ్తిమి. ఇరవై దినాలకు జరం వచ్చింది. ఎర్ర ఉచ్చ పోసింది. నాలుగో దినం పాయె." అతను దూడల వైపు చూశాడు. "ఇగ ఒక్క ముసలెద్దే మిగిలింది. పక్కోళ్ళ ఎద్దును అడుక్కోని దున్నుతున్న. గీ రెండు దూడలు కాడికి వస్తెనే మాకు జత. గవి గూడ పోతె చెలక బీడే."

మల్లమ్మవ్వ ఆవు తల పట్టుకుంటే చెవి కొసన సూదితో గుచ్చి ఒక చుక్క తీసుకున్నాను. ఆవు కదల్లేదు గాని అవ్వ మొహం చిట్లించింది. ఆ పూటే రంగు వేసి, కొట్టం వాకిట్లో ఎండ పడేచోట మైక్రోస్కోపు పెట్టి చూశాను. చాలాసేపు ఏమీ కనబడలేదు. వెతగ్గా వెతగ్గా ఒక రక్తకణం లోపల రెండు చిన్న గింజలు మొన మొన ఆనించుకుని జంటగా కనిపించాయి. ఇంకాస్త వెతికితే మరో జంట. రోగం అదే. ఏళ్ళనాడు ఆవును పడేసిన రోగం ఇంకా దాని ఒంట్లోనే, దానికే ఇబ్బందీ లేకుండా, కాపురం చేస్తోంది. పిడుదు ఆ ఆవు రక్తం తాగి రాలి, నేల పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పుడుతూనే రోగం వెంటబెట్టుకు పుట్టి పక్కనున్న గొడ్డు కాళ్ళమీదుగా ఎక్కుతాయి.

నాకు ఒళ్ళంతా గర్వం. నన్ను పంపిన పనికి జవాబు మూడో రోజే దొరికింది. లేచి నిలబడి, మా డాక్టరుగారు చెప్పే గొంతుతో చెప్పాను. "ఎద్దును చంపింది ఈ ఆవే. రోగమంతా దీని ఒంట్లో ఉంది. ఇప్పుడే దూడల్ని వేరు చెయ్యండి. దూరంగా కొత్త కొట్టం, అలికిన నేల. రోజూ ఒళ్ళు తడిమి ఒక్క పిడుదు లేకుండా ఏరి నిప్పులో వెయ్యండి. ఆవు పాలు పిండి గొట్టంతో పట్టండి గాని దూడను దాని దగ్గరికి పోనివ్వకండి."

ఐలయ్య తల్లి వైపు చూశాడు. అవ్వ ఆవు మెడ మీద చెయ్యి తియ్యకుండానే నన్ను అడిగింది. "దీని బిడ్డను దీనికి గూడ ఇయ్యొద్దా బిడ్డా?"

"ఇవ్వొద్దు."

"డాక్టరువు నువ్వు. చదువుకున్నోనివి. నువ్వు చెప్తె చేస్తం."

డాక్టరును కానని అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. ఆ మాట వినడానికి బాగుంది. నేను బండెక్కేలోపే ఐలయ్య దూడల్ని ఊరి అవతలి పాకలోకి తోలుకుపోయాడు. ఎర్రావు అరుపు ఊరి పొలిమేర దాకా నాకు వినిపించింది.

దేవరకొండ బస్సు

సూర్యాపేట, నల్లగొండ దాటి దేవరకొండ బస్సెక్కాను. నా పక్క సీటులో ఒక సాలె కుటుంబం ఆవిడ, ఆవిడ కాళ్ళ దగ్గర ఒక పాలమేక. కూతురు పురుడు పోసుకుందట. పాలు చాలడం లేదని తల్లి మేకనే వెంటబెట్టుకుని బయల్దేరింది. మేకకు కూడా టికెట్టు కొట్టానని కండక్టరు అందరికీ వినబడేలా చెప్పాడు.

నేను కిటికీలోంచి గుట్టలు చూస్తుండగా మేక నా సంచీలో మూతి పెట్టి, పుస్తకంలో రెండు కాగితాలు నమిలేసింది. భువనగిరి గొర్రెల వివరాలన్నీ దాని కడుపులోకి పోయాయి. ఆవిడ గాభరాపడి, మగ్గం మీద తానే నేసిన తువాలు ఒకటి నా ఒళ్ళో పెట్టింది. వద్దంటే వినలేదు. "రాసిన కాయితం మళ్ళ రాసుకుంటవు. నా మేక చేసిన పనికి నాకు సిగ్గు గాదా?" అంది. మా వైపు అయితే ముందు మేకను తిట్టి, తర్వాత సంచీ కింద పెట్టినందుకు నన్ను తిట్టేవాళ్ళు.

కల్వకుర్తి వైపు

డిండి దాటాక నేల ఎర్రబడింది, చెట్లు పొట్టివయ్యాయి. కల్వకుర్తికి ఇవతల ఒక ఊళ్ళో సాయన్న అనే ముసలాయన మందను చూడమన్నారు అక్కడివాళ్ళు. అరవై దాటినవాడు. ఊరి గొడ్లన్నీ మేపుకొచ్చేది ఆయనే. నన్ను మందలోకి తీసుకెళ్ళి, "గిండ్ల పిడుదు లేని గొడ్డును పట్టు చూద్దాం," అన్నాడు. పట్టలేకపోయాను. చెవులు, గంగడోళ్ళు, తోకల మొదళ్ళు, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ చింతగింజల్లా పిడుదులే. గొడ్లు మాత్రం శుభ్రంగా నెమరు వేస్తున్నాయి.

రక్తం తీశాను. మర్నాడు పొద్దున్నంతా కూర్చుని చూశాను. ఎర్రావు రక్తంలో చూసిన ఆ జంట గింజలే, వెతికితే ఒక్కొక్కటిగా, ఇంచుమించు ప్రతి పెద్ద గొడ్డులోనూ ఉన్నాయి. ఇంత రోగం మోస్తూ ఇన్ని గొడ్లు ఎలా బతుకుతున్నాయని నాకు నేనే అనుకున్నట్టు పైకి అనేశాను.

సాయన్న నా పక్కనే గొంతుక్కూచుని గటక, అదే జొన్నసంకటి, తింటున్నాడు. నాకూ ఒక గిన్నె పెట్టించాడు, మీద మజ్జిగ.

"నాకు తెల్వది సారు, అద్దంల నువ్వేం చూస్తున్నవో," అన్నాడు. "నేను చూసింది జెప్త ఇను. నేను ఇదివరకు దొర కాడ జీతముంటి. దొరకు గొడ్లంటె పానం. ఎనిమిది కోడెదూడలను బండలేసిన కొట్టంల పెంచిండు. ఒక్క పిడుదు కనవడ్డదంటె నాకు తిట్లే. గ్యాస్‌నూనె గుడ్డతోని నేనే తుడుస్తుంటి. మూడేండ్లు గట్లనే పెంచినం. మల్ల ఒక యేడు కాలం గాలేదు, మేత లేదు. అడవికి తోల్కపో సాయన్నా అన్నడు. తోల్కపోయిన."

"ఏమైంది?"

"నెల తిరుగలే. ఎర్ర ఉచ్చ పోసి పోసి పడిపాయె. ఎనిమిదింటికి ఒక్కటి మిగిలింది. గా అడవిలనే మా గొడ్లు మేస్తుండె. వాటికేం గాలే." గిన్నె అడుగు వేలితో తుడిచి నాకాడు. "మా దూడలు పుట్టుడే పిడుదులల్ల పుడ్తయి. చిన్నగున్నప్పుడు రెండు దినాలు ఒళ్ళు వెచ్చగయితది. తల్లి పాలు తాగుతది, లేస్తది. ఇగ మల్ల దానికి ఆ జరం లేదు."

నేను పుస్తకాల్లో ముక్కముక్కలుగా చదివిందే, ఎప్పుడూ కలిపి ఆలోచించనిది, ఆయన గటక తింటూ చెప్పేశాడు. చచ్చిపోయే గొడ్డు వల్ల ఆ రోగానికి లాభం లేదు. గొడ్డుతోపాటే అదీ పోతుంది. అది బతికేది బతికున్న గొడ్లలోనే, చిన్నప్పుడే తట్టుకుని లేచి, ఏళ్ళ తరబడి దాన్ని కాస్తంత ఒంట్లో ఉంచుకుని తిరిగే వాటిలోనే. ఆ కాస్త రోగమే మళ్ళీ వాటికి కాపలా. పసిగా ఉన్నప్పుడు అంటుకుంటే దూడ తట్టుకుంటుంది. పెద్దయ్యాక మొదటిసారి అంటుకుంటే ఎద్దు చస్తుంది.

ఐలయ్య వాళ్ళు ఎర్రావు పక్కన పట్నం ఎద్దును కట్టడం తప్పు. దూడల్ని కట్టడం తప్పు కాదు. నేను ఆ రెండింటినీ ఒకే గాటన కట్టాను. నా మాట ప్రకారం ఆ దూడలు అలికిన నేల మీద, ఒక్క పిడుదు కాటు తినకుండా మూడేళ్ళు పెరుగుతాయి. కాడి మెడ మీద పడ్డ ఏడు చెలకలోకి దిగుతాయి. దొరగారి దూడలకు జరిగిందే వాటికీ జరుగుతుంది. అప్పటికి నేను తెనాలిలో హాయిగా కాఫీ తాగుతూ ఉంటాను.

రెండు బస్సులు

కల్వకుర్తిలో హైదరాబాదు బస్సు సిద్ధంగా ఉంది. అదెక్కితే సాయంత్రానికి రైలు. దేవరకొండ బస్సు దాని వెనకే ఉంది. అదెక్కితే వచ్చిన దారంతా మళ్ళీ వెనక్కి.

ఉత్తరం రాద్దామనుకున్నాను. ఆ ఇంట్లో చదవగలిగినవాళ్ళు లేరు. చదివించుకున్నా, ఒకసారి వేరు చెయ్యమని, ఇంకోసారి కలపమని చెప్పే కాగితాన్ని ఎవరు నమ్ముతారు? అసలు కారణం అది కాదులెండి. మల్లమ్మవ్వ ఎదుట నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకోవాలంటే సిగ్గేసింది. హైదరాబాదు బస్సులో సీటు మీద తువాలు కూడా వేశాను. ఎర్రావు అరుపు చెవిలో మెదిలింది. తువాలు తీసుకుని దిగేశాను. కండక్టరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

మళ్ళీ ఆ కొట్టంలో

మర్నాడు నడిమధ్యాహ్నం ఐలయ్య వాళ్ళ ఊరు చేరాను. దూడలు ఊరి అవతల పాకలోనే ఉన్నాయి. నేల అలికి ఉంది. పక్కన కుంపటిలో ఏరిన పిడుదులు కాలిన వాసన. నేను చెప్పినదానికంటే శుభ్రంగా చేశారు. పాలు సరిగా అందక చిన్నదూడ పక్కటెముకలు బయటపడ్డాయి. గొట్టంతో పడితే సగం నేలపాలే అవుతోందని ఐలయ్య చెప్పాడు. ఎర్రావుకు అరిచి అరిచి గొంతు పోయింది.

మల్లమ్మవ్వ వచ్చింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. "అవ్వా, నేను డాక్టరును కాను. రక్తం అద్దంలో పెట్టి చూసేవాణ్ణి, అంతే."

ఆమె అడిగింది. "మరి అద్దంల చూసింది అబద్ధమా?"

"చూసింది నిజమే. చెప్పింది తప్పు. పెద్ద గొడ్డును కొనితెస్తే దీని పక్కన కట్టొద్దు. దూడల్ని మాత్రం దీని దగ్గరే ఉంచాలి. ఈ వయసులోనే పిడుదు కరవాలి. రెండు రోజులు జ్వరం రావొచ్చు. వస్తే నీడన కట్టి పాలు తాగనివ్వండి."

"జరం వచ్చి పోతె?" అన్నాడు ఐలయ్య.

"ఎక్కడో ఒకటి పోదని చెప్పలేను. ఇలా దాచి పెంచితే మాత్రం రెండూ పోతాయి." సాయన్న చెప్పిందంతా చెప్పాను. అవ్వ పాక స్తంభానికి ఆనుకుని నిలబడి, చాలా నెమ్మదిగా అంది.

"నువ్వు మల్ల రాకుంటె మేము నీ మాట మీదనే ఉంటుంటిమి గద బిడ్డా. మూడేండ్లు ఉంటుంటిమి. దూడలు పోతె గూడ నిన్ను అనకపోతుంటిమి. మా రాత అనుకుంటుంటిమి."

తిట్టినా ఇంత బాధ కలిగేది కాదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసింది. స్తంభానికున్న రెండు పలుపుతాళ్ళు విప్పి నా చేతికిచ్చింది. "నువ్వే ఇడిపించినవు. నువ్వే కట్టు."

దూడల్ని నేనే నడిపించుకొచ్చాను. వాకిట్లోకి రాగానే చిన్నది తాడు లాక్కుని ఎర్రావు కిందకు దూరింది. ఆవు గొంతులోంచి చప్పుడేదీ రాలేదు గాని, దూడ వీపు నాకడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. పెద్దదాన్ని పక్క గుంజకు కట్టాను. ముడి వేసి లేస్తుంటే ఆవు గంగడోలు మీద బాగా ఉబ్బిన పిడుదు ఒకటి కనిపించింది. అలవాటుకొద్దీ లాగబోయాను.

మల్లమ్మవ్వ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి బిడ్డా," అంది.